ఛాయాచిత్రముల పుట్టుపూర్వోత్తరములు

ఛాయాచిత్రము ముఖమును చూపును గాని పేరు చెప్పదు. వీథిని చూపును గాని ఊరు చెప్పదు. నీటిలో మునిగిన గడపను చూపును గాని అది ఏ సంవత్సరపు వరదయో చెప్పదు. ఎవరు, ఎచ్చట, ఎప్పుడు అను మూడు ప్రశ్నలకును ఉత్తరము చిత్రము ప్రక్కన ఎవరైన వ్రాసి యుంచవలసినదే. మన పెద్దలు ఆ మాటలను చిత్రము వెనుకవైపున సిరాతో వ్రాసెడివారు. ఇప్పటి కెమేరాయు, సెల్‌ఫోనును వానిలో కొన్నింటిని తామే చిత్రముతోపాటు ఫైలునందు వ్రాయుచున్నవి. ఈ వ్రాతకు మెటాడేటా అని పేరు. చిత్రము యొక్క పుట్టుపూర్వోత్తరములు అనిన మనకు సులభముగా బోధపడును.

ఈ వ్రాత చిత్రముపై కంటికి కనబడదు. కావుననే అది పోయినను వెంటనే తెలియదు. కెమేరానుండి వచ్చిన ముడి చిత్రమును సాధారణ చిత్రముగా మార్చునప్పుడును, దానికి మెఱుగులు దిద్దునప్పుడును, ఒకరినుండి మఱొకరికి పంపునప్పుడును ఈ వివరములు ఎట్లు జారిపోవునో, వానిని ఎట్లు నిలుపుకొనవలయునో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునట్లు సంగ్రహముగా చెప్పుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఇది ఫోటోగ్రాఫరుల కొఱకు మాత్రమే కల విషయమని తలంపరాదు. 2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగరు మొదలగు పేటలను ముంచివేసినది. మఱునాడు ప్రకాశము బ్యారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించినది. ఆ దినములలో తీయబడిన చిత్రములు ఒక ఫోనునుండి మఱొక ఫోనునకు చేరి ఊరంతయు వ్యాపించినవి. వానిలో అనేకములకు ఇప్పుడు తేదీ లేదు, స్థలము లేదు. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట ఒక బాలుడు అట్టి చిత్రమును చూచి, ఇది 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన వరదయా, 2024లో బుడమేరు తెచ్చినదా అని అడిగినయెడల, ఆ చిత్రము బదులు చెప్పజాలదు.

చిత్రములోని గుర్తులను బట్టి కాలమును కొంతవఱకు ఊహింపవచ్చును. విజయవాడ వద్ద కృష్ణకు అడ్డముగా మొదటి ఆనకట్ట 1855లో పూర్తియైనది. 1952లో దానికి గండి పడినది. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1957లో పూర్తియైనది. కావున బ్యారేజి గేట్లు కనబడు చిత్రము 1957కు ముందటిది కానేరదు. కాని 1957 మొదలు నేటివఱకు గల ఇన్ని సంవత్సరములలో ఏ సంవత్సరపుదో గేట్లు చెప్పవు. గుర్తులు ఎల్లలను మాత్రమే చూపును. తేదీని చెప్పునది వ్రాతయే.

అమరావతి నేర్పిన పాఠము

ఒక వస్తువును దాని స్థానమునుండి కదల్చునప్పుడు దాని వివరములు కూడ కదలకున్న ఎంత నష్టము కలుగునో తెలిపెడు దృష్టాంతము మన కృష్ణ ఒడ్డుననే కలదు. అదియే అమరావతి స్తూపము.

కాలిన్ మెకంజీ అను సర్వేయరు 18వ శతాబ్దము చివర ఈ దిబ్బను చూచెను. 1816వ సంవత్సరమున మరల వచ్చి, తన చిత్రకారులచేత అచ్చటి శిల్పములకు బొమ్మలు వ్రాయించెను. ఆ బొమ్మల సంపుటము నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయమున నున్నది. అందు చాల బొమ్మలకు వ్రాసినవారి పేరును, వ్రాసిన తేదీయు కలవు. ఆ రాయి స్తూపమున ఏ దిక్కున నుండినదియు అనేక బొమ్మలపై సూచింపబడినది.

తరువాత రాళ్లు కదలినవి. మచిలీపట్టణములో రాబర్ట్‌సన్ పేట అను క్రొత్త బజారునకు అలంకారముగా కొన్ని శిల్పములు తరలింపబడెను. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి మఱికొన్నింటిని మద్రాసునకు పంపెను. అచ్చట 1858లో లినేయస్ ట్రైప్ అను ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు వానికి ఫోటోలు తీసెను. 1859లో 121 రాళ్లు ఓడపై లండనునకు పోయెను. 1877లో రాబర్ట్ స్యూయెల్ కొంతభాగము త్రవ్వించి, ఏ రాయి ఎచ్చట దొరకినదో పటముతోను పట్టికతోను నమోదు చేసెను. కాని 1880లో మద్రాసు గవర్నరు ఆజ్ఞపై దిబ్బ నడిమిభాగమంతయు త్రవ్వి తీసివేయబడినది. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చి చూచునప్పటికి మిగిలినవి ఒక పెద్ద గొయ్యియు, దాని చుట్టును పడియున్న రాళ్లును. ఏ రాయి ఎచ్చటినుండి తీయబడినదో చెప్పు లెక్క లేదు.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. ట్రైపు తీసిన ఫోటోలు శిల్పము యొక్క ప్రతి రేఖను చూపును. మెకంజీ చిత్రకారులు చేతితో వ్రాసిన బొమ్మలు అంత సూక్ష్మమైనవి కావు. ఐనను స్తూపము ఆకారమును మరల ఊహించుటకు పండితులు ఆ బొమ్మలనే ఆశ్రయించుచున్నారు. ఏలయనగా వానితోపాటు వాని వివరములు నిలిచినవి. మద్రాసులో తీసిన ఫోటో రాతిని చూపును గాని, ఆ రాయి అమరావతిలో నిలిచియుండిన చోటును చూపలేదు. వస్తువు ఎంత చక్కగా నిలిచినను, దాని పుట్టుపూర్వోత్తరములు పోయినచో సగము పోయినట్లే.

కెమేరా వ్రాయు చిట్టా

ఇక నేటి కెమేరాలకు వత్తము. చిత్రము తీసిన క్షణముననే కెమేరా ఒక చిట్టా వ్రాయును. తేదీ, గంట, నిమిషము, సెకను, కెమేరా తయారుచేసినవారి పేరు, కటకము పేరు, కటకపు ద్వారము ఎంత తెఱవబడినది, ఎంత సేపు తెఱవబడినది, కెమేరాను నిలువుగా పట్టుకొంటిమా, అడ్డముగా పట్టుకొంటిమా - ఇవన్నియు అందుండును. సెల్‌ఫోనునకు అనుమతి యిచ్చియుండినచో స్థలము కూడ చేరును. విజయవాడలో తీసిన చిత్రమున సుమారు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 80.6 డిగ్రీల తూర్పు రేఖాంశము అని కనబడును.

ఈ చిట్టాకు ఎగ్జిఫ్ అని పేరు. జపాను దేశపు ఎలక్ట్రానిక్ పరిశ్రమల సంఘము 1995లో దీని మొదటి నియమావళిని ప్రకటించినది. అన్ని కంపెనీల కెమేరాలును ఒకే పద్ధతిలో వివరములు వ్రాయవలయునని దాని ఆశయము. దీనితోపాటు మఱి రెండు చిట్టాలు కలవు. వార్తాపత్రికల అంతర్జాతీయ మండలి యేర్పఱచిన ఐ.పి.టి.సి. అనునది ఒకటి, చిత్రము తీసినవారి పేరు, శీర్షిక, వివరణ మొదలైనవి ఇందు వ్రాయుదురు. అడోబి కంపెనీ 2001లో ప్రవేశపెట్టిన ఎక్స్.ఎమ్.పి. అనునది రెండవది, ఇది 2012లో అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది. ఎగ్జిఫ్ ముఖ్యముగా యంత్రము వ్రాయునది. తక్కిన రెండును ముఖ్యముగా మనుష్యుడు వ్రాయునవి. చిత్రమును గూర్చిన పూర్తి సాక్ష్యమునకు రెండు విధముల వ్రాతయు కావలయును. గంటను యంత్రము చెప్పును గాని, చిత్రమున కుడివైపున నిలిచినది మీ తాతగారి చెల్లెలని యంత్రము చెప్పజాలదు.

ముడి చిత్ర మనగా నేమి?

కెమేరా లోపల వెలుగును గ్రహించు పలక మీద లక్షలకొలది చిన్న గళ్లుండును. సాధారణముగా ఒక్కొక్క గడిపై ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు రంగులలో ఒకదాని గాజు మాత్రమే యుండును. కొడాక్ కంపెనీలోని బ్రైస్ బేయర్ కనుగొన్న ఈ అమరికకు 1976లో పేటెంటు లభించినది. గడి తన రంగు వెలుగును మాత్రమే కొలుచును. తక్కిన రెండు రంగులను ఇరుగుపొరుగు గళ్లను బట్టి లెక్కకట్టవలయును. ఆ లెక్క వేయకమునుపటి కొలతలను ఉన్నవి ఉన్నట్లుగా దాచిన ఫైలే రా ఫైలు, అనగా ముడి చిత్రము. బియ్యముగా ఆడింపకమునుపటి ధాన్యము వంటిది యిది. దీనినుండి ఎప్పుడు కావలసిన అప్పుడు, ఎట్లు కావలసిన అట్లు చిత్రమును తయారుచేసికొనవచ్చును.

సాధారణముగా మనము చూచు జేపెగ్ చిత్రమున ప్రతి రంగునకు 256 మెట్లు మాత్రమే కలవు. ముడి చిత్రమున 4,096 గాని, 16,384 గాని మెట్లుండుట సాధారణము. నీడలో మాసిన ముఖమును తేటపఱచుటకును, ఎండకు వెలవెలబోయిన ఆకసమును సరిచేయుటకును ఈ మెట్లే ఆధారము. కాని ముడి ఫైళ్లు కంపెనీకొక విధముగా నుండును. వానిని ముద్రాపకుడు అచ్చొత్తలేడు. బంధువులు ఫోనులో సులభముగా చూడలేరు. కావున వానిని జేపెగ్ గాని టిఫ్ గాని చేయుట తప్పదు.

ఈ మార్పునందే చిక్కున్నది. ముడి చిత్రమునుండి జేపెగ్ తయారగునప్పుడు పాత ఫైలు మాఱుట లేదు. పూర్తిగా క్రొత్త ఫైలొకటి పుట్టుచున్నది. చిట్టా దానంతట అది అందులోనికి రాదు. సాఫ్ట్‌వేరు దానిని పాత ఫైలున చదివి క్రొత్త ఫైలున మరల వ్రాయవలయును. ఇది పాఠశాల గుమాస్తా ప్రవేశపు రిజిస్టరునుండి టి.సి. వ్రాయుట వంటిది. రిజిస్టరులో పుట్టినతేదీ చక్కగానే యుండును. గుమాస్తా దానిని టి.సి.లో ఎక్కింపకున్నచో, ఆ కాగితము పట్టుకొని పోయిన బాలునికి పుట్టినతేదీ లేనట్లే.

డేవ్ కాఫిన్ 1997లో వ్రాసిన డీసీరా అను ప్రసిద్ధమైన ఉచిత సాఫ్ట్‌వేరు ఇందుకు మంచి నిదర్శనము. అనేక కంపెనీల ముడి చిత్రములను అది చదువగలదు. కాని మనము వేఱుగా కోరనియెడల అది పి.పి.ఎమ్. అను రకపు ఫైలును తయారుచేయును. ఆ రకమున రంగులకే గాని ఇట్టి చిట్టాకు చోటు లేదు. చిత్రము చక్కగా వచ్చును. తేదీ, కెమేరా, కటకము అన్నియు వెనుకనే నిలిచిపోవును. అట్టి కొఱతను తీర్చుటకు పనికివచ్చు సాధనమును ఫిల్ హార్వే 2003లో ప్రకటించెను. దాని పేరు ఎగ్జిఫ్‌టూల్. ఒక ఫైలులోని చిట్టాను మఱొక ఫైలులోనికి ప్రతి చేయుట దాని పనులలో ముఖ్యమైనది. ఇదియు ఉచితముగనే లభించును.

ఎచ్చటెచ్చట జారిపోవును?

మొదటిది, పైన చెప్పిన మార్పు. రెండవది, దిద్దుబాటు. కొన్ని సాఫ్ట్‌వేరులలో చిత్రమును చిన్నదిగా చేసి వెలుపలికి పంపునప్పుడు, చిట్టాను ఉంచవలయునా తీసివేయవలయునా అని అడుగు గడి యొకటి యుండును. లైట్‌రూములోను, డార్క్‌టేబులులోను, రాథెరపీలోను, గింపులోను ఇట్టి యేర్పాటు కలదు. చాలమంది దానిని చూడకయే మీట నొక్కుదురు. ఒక చిత్రమును ప్రతి చేసి మఱొక ఖాళీ పటముపై అంటించినను చిట్టా రాదు. రంగులు మాత్రమే వచ్చును. తెరను ఫోటో తీసిన స్క్రీన్‌షాటున కూడ అసలు చిత్రపు తేదీ యుండదు. తెరను తీసిన తేదీయే యుండును.

మూడవది, పంపుట. వాట్సాపులో చిత్రమును చిత్రముగా పంపినయెడల అది పరిమాణమున తగ్గును, చిట్టాయు పోవును. అదే చిత్రమును డాక్యుమెంటుగా జతపఱచి పంపినచో ఉన్నది ఉన్నట్లు చేరును. పెండ్లి చిత్రములను, వరద చిత్రములను బంధువులకు పంపువారు ఈ భేదమును తప్పక తెలిసికొనవలయును.

నాలుగవది, ఫైలు తేదీని నమ్ముట. పెన్‌డ్రైవులోనికి ఎక్కించినప్పుడు కంప్యూటరు ఫైలునకు క్రొత్త తేదీ వేయవచ్చును. అది ఫైలు తేదీయే గాని చిత్రము తేదీ కాదు. ఎగ్జిఫ్ చిట్టాలో మూడు తేదీలకు చోటున్నది: చిత్రము తీసిన తేదీ, అంకెల రూపము పొందిన తేదీ, చివర మార్చిన తేదీ. మనకు ప్రధానమైనది మొదటిది.

ప్రతి చేయునప్పుడు గ్రుడ్డిగా ప్రతి చేయుటయు ప్రమాదమే. కెమేరాను నిలువుగా పట్టుకొనినచో, 'ఈ చిత్రమును త్రిప్పి చూపుము' అని చిట్టాలో వ్రాసియుండును. మార్చెడు సాఫ్ట్‌వేరు చిత్రమును ముందే త్రిప్పి యుంచినది అనుకొనుడు. ఆ పాత ఆజ్ఞను కూడ క్రొత్త ఫైలున వ్రాసినచో, చూచు యంత్రము మరల త్రిప్పును; నిలిచిన మనుష్యుడు ప్రక్కకు ఒరిగి కనబడును. చిట్టాతోపాటు దాగియుండు చిన్న నమూనా చిత్రము కూడ ఇట్టిదే. పెద్ద చిత్రమున ఒక మూల కత్తిరించివేసినను, పాత నమూనాను అట్లే ప్రతి చేసినచో కత్తిరించినది అందు కనబడును. చిత్రము యొక్క కొలతలు, రంగుల పద్ధతి, త్రిప్పుటకు సంబంధించిన ఆజ్ఞ, నమూనా - ఈ నాలుగును క్రొత్త ఫైలునకు తగినట్లు క్రొత్తగా వ్రాయబడవలయును. తేదీ, స్థలము, కెమేరా, తీసినవారి పేరు, వివరణ - ఇవి మాఱక రావలయును.

కంపెనీలు తమ కొఱకై వ్రాసికొను రహస్యపు భాగము కూడ చిట్టాలో నుండును. దానిలోని అంశములు ఫైలులో ఫలానిచోట నున్నవని అంకెలతో గుర్తు వ్రాసియుండును. ఫైలును తిరుగ వ్రాసినప్పుడు చోట్లు మాఱును గాని గుర్తులు కొన్నిసారులు మాఱవు. ఇల్లు మాఱినవాని పాత చిరునామాకు జాబు వ్రాసినట్లగును. ఈ కారణమున గూడ అసలు ముడి ఫైలును పాఱవేయరాదు. క్రొత్త ఫైలులో తప్పు కనబడినప్పుడు మరల వెళ్లి అడుగదగిన సాక్షి అది యొక్కటియే.

కాపాడుకొను విధము

మొదట గడియారమును సరిచూడుడు. కెమేరా తన గడియారమును నమ్మి వ్రాయును. అమెరికాలోని డాలస్ నగరమునుండి సంక్రాంతికి గుడివాడ వచ్చిన మేనమామ తన కెమేరా గడియారమును మార్చలేదనుకొనుడు. శీతకాలమున ఆ ఊరి కాలము మనకంటె పదునొకండున్నర గంటలు వెనుక. జనవరి 14వ తేదీ ఉదయము 6 గంటలకు తీసిన చిత్రమున జనవరి 13వ తేదీ సాయంకాలము 6-30 అని యుండును. ప్రొద్దుటి ముగ్గు నిన్నటి సాయంకాలమునకు పోవును! గ్రీనిచి కాలమునకు ఎంత భేదమో వ్రాయుటకు ఎగ్జిఫ్ నియమావళిలో 2016లోనే చోటేర్పడినది. అంతకుముందటి కెమేరాలలో ఏ దేశపు గంటయో సాధారణముగా తెలియదు. ఇట్టి తప్పు కనబడినప్పుడు భేదము ఎంతయో తెలిసినచో, చిత్రముల నన్నింటిని ఒకేసారి అన్ని గంటలు ముందునకు జరుపుటకు ఎగ్జిఫ్‌టూలులో వీలు కలదు.

రెండవది, ముడి ఫైలును ముట్టుకొనకుడు. దానిని రెండు వేఱువేఱు చోట్ల దాచి, పనియంతయు ప్రతిపై చేయుడు. ఎగ్జిఫ్‌టూల్ కూడ ఈ నీతినే పాటించును. తాను మార్చిన ఫైలు యొక్క ముందటి రూపమును, పేరు చివర 'ఒరిజినల్' అని తగిలించి ప్రక్కన నుంచును.

మూడవది, ప్రక్క ఫైలును మఱువకుడు. ముడి చిత్రమునకు మెఱుగులు దిద్దినప్పుడు అనేక సాఫ్ట్‌వేరులు ఆ దిద్దుబాట్లను, మనము వ్రాసిన వివరణను ముడి ఫైలులో గాక, అదే పేరుగల ఒక చిన్న ఎక్స్.ఎమ్.పి. ఫైలులో వ్రాయును. ఆవును తోలుకొనిపోయి దూడను వదలినట్లు, చిత్రమును మాత్రము మఱొక ఫోల్డరునకు మార్చి దీనిని వదలరాదు. ఒకదాని పేరు మార్చినచో రెండవదాని పేరును మార్చవలయును. ఈ చిక్కు వద్దనుకొనువారు అడోబి 2004లో ప్రకటించిన డి.ఎన్.జి. అను ముడి రూపమునకు మార్చుకొనవచ్చును. అందు వివరణ ఫైలు లోపలనే యిముడును.

నాలుగవది, మొదట ఒక్క చిత్రముతో పరీక్షింపుడు. మార్పు జరిగిన పిమ్మట పాత చిట్టాను, క్రొత్త చిట్టాను ప్రక్కప్రక్కన పెట్టి తీసిన తేదీ, కెమేరా, కటకము, స్థలము, వివరణ అను అయిదు అంశములు సరిపోల్చుడు. విండోసు కంప్యూటరులో ఫైలుపై కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ అనుదానిలో డీటెయిల్స్ చూచిన చాలు. అన్నియు సరిగా నుండినపుడే తక్కిన వేయి చిత్రములను మార్చుడు. వేయి చిత్రములను మార్చి, ముడి ఫైళ్లను తుడిచివేసి, ఆ పిమ్మట పరీక్షించుట వలన ప్రయోజనము లేదు.

తెలుగున వ్రాయుట

ఎగ్జిఫ్ చిట్టాలోని వివరణ గడి చిరకాలము ఇంగ్లీషు అక్షరములకు మాత్రమే యేర్పడినది. తెలుగున వ్రాసినచో అది కొన్ని యంత్రములలో ప్రశ్నార్థకముల వరుసగా కనబడెడిది. 2023లో వచ్చిన ఎగ్జిఫ్ మూడవ నియమావళి అన్ని భాషల లిపులకును చోటిచ్చినది. కాని పాత యంత్రములు దానిని ఎఱుగవు. ఎక్స్.ఎమ్.పి. చిట్టా మొదటినుండియు యూనికోడునందే యున్నది. కావున తెలుగు వివరణను ఎక్స్.ఎమ్.పి.లో వ్రాయుట క్షేమము. పేర్లు, ఊళ్లు, బంధుత్వములు మన భాషలోనే స్పష్టముగా వచ్చును. పెదనాన్న, మేనత్త అను మాటలను ఇంగ్లీషున వ్రాసిన అంకుల్, ఆంట్ అని ఒకటే యగును. రేపటి తరమువారికి ఎవరు ఎవరో తెలియదు.

దాచవలసినది, చూపవలసినది

చిట్టాను కాపాడుట ఎంత ముఖ్యమో, కొన్నిచోట్ల దానిని తీసివేయుటయు అంత ముఖ్యము. ఇంటి ముంగిట తీసిన బిడ్డ చిత్రమున ఆ యింటి స్థలము కొలతలతో సహా వ్రాసియుండవచ్చును. అట్టి చిత్రమును అపరిచితులు చూచుచోట ఉంచునప్పుడు స్థలమును తుడిచివేయుట తలిదండ్రుల విధి. అయితే తుడువవలసినది బయటికి పంపు ప్రతిలో. ఇంటిలోని అసలులో గాదు. తెలిసి తీసివేయుట వేఱు, తెలియక పోగొట్టుకొనుట వేఱు.

మఱియొక మాట. చిట్టాను ఎవరైనను మార్చవచ్చును. కావున అందున్న తేదీని చూచినంతమాత్రమున చిత్రము సత్యమని నిర్ణయింపరాదు. అది ఒక సాక్షి చెప్పిన మాట. చిత్రములోని నీడలతోను, కట్టడములతోను, ఇతరులు తీసిన చిత్రములతోను పోల్చి చూచి నమ్మవలయును. ఐనను సాక్షి మాటను పరీక్షించుటకు ముందు సాక్షి బ్రదికి యుండవలయును గదా!

ఇంటనున్న పాత చిత్రములు

మన ఇండ్లలో కాగితపు చిత్రములు ఇంకను ఉన్నవి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకొనిపడిన ఉప్పెనకు ముందటి చిత్రములు ఒక్కటియు మిగులని కుటుంబములు కలవు. 2024లో దినములకొలది నీట నిలిచిన ఇండ్లలో కాగితములకు ఏమి జరిగియుండునో చెప్పనక్కఱలేదు. కావున మిగిలినవానిని స్కాను చేసి దాచుకొనుట వివేకము.

స్కాను చేయునప్పుడు చిట్టాలో పడునది స్కాను చేసిన దినము. దానిని సవరింపక వదలినచో, నాయనమ్మగారి పెండ్లి 2025లో జరిగినట్లు కంప్యూటరు వరుసపెట్టును. అంకెల రూపము పొందిన తేదీ గడిలో నేటి తేదీ యుండనిండు. తీసిన తేదీ గడిలో అసలు తేదీని వ్రాయుడు. సరిగా తెలియనియెడల ఊహించి తేదీ వేయకుడు. 'సుమారు 1965, అత్తయ్య చెప్పినది' అని వివరణలో వ్రాయుడు. ఎవరు చెప్పిరో వ్రాయుట వలన రేపు ఆ మాటను తూచి చూచుటకు వీలగును. చిత్రము వెనుకవైపును కూడ స్కాను చేయుడు. స్టూడియో ముద్రయు, తాతగారి చేతివ్రాతయు అచ్చటనే యుండును. ముందువైపునకు ఒక పేరు పెట్టి, వెనుకవైపునకు అదే పేరు చివర 'వెనుక' అని చేర్చినచో రెండును విడిపోవు.

విద్యార్థులారా, మీలో అనేకులకు కంప్యూటరు మీ తలిదండ్రులకంటె బాగుగా తెలియును. చిత్రములోని ముఖములు వారికి మీకంటె బాగుగా తెలియును. ఈ రెండు తెలివులును ఒకచోట కూడిననే పని నెరవేఱును. ఈ వేసవి సెలవులలో మీ యింటి పెద్దలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, దినమునకు పది చిత్రముల చొప్పున చూపి, ఎవరు, ఎచ్చట, ఎప్పుడు అని అడిగి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాయుడు. ఫైలు పోయినచో ప్రతి యుండవచ్చును. పెద్దల జ్ఞాపకమునకు ప్రతి లేదు. వారుండగనే దానిని వ్రాసికొనవలయును.